పంచలేని మందు

క్లినికల్ ట్రయల్ ఉద్యోగంలో చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఒక మాట నేర్పిస్తారు: మందు వృథా అయినా సరే, పేషెంటును బలవంతపెట్టకూడదు. నాకూ నేర్పించారు. శిక్షణ చివర పెట్టిన పరీక్షలో ఆ ప్రశ్నకు సరైన జవాబే రాశాను. ఆ జవాబు బరువెంతో మాత్రం హిందూపురంలో ఒక పొద్దున, ఫ్రీజర్ నుంచి తీసి కరిగించిన మందు సీసా పక్కన నిలబడినప్పుడు తెలిసింది. ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఆ రోజు గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ ఉద్యోగం ఇప్పుడు చేయడంలేదు. బెంగళూరులో ఒక ఆఫీసులో కూర్చుని ఇతరులు రాసిన రికార్డుల్లో తప్పులు వెతుకుతుంటాను. ఈ వయసుకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మా నాయన నవ్వుతాడు. హిందూపురంలో ఆయనకు చింతపండు, బెల్లం అంగడి ఉంది. "రిటైరైనోళ్లు రాసుకునేది నువ్వు యాల రాస్తాండావప్పా?" అన్నాడు మొన్న. మరిచిపోకముందే రాస్తున్నానన్నాను. "అంగడికి రావాల్సిన సరుకు కూడా అట్లే మరిచిపోకముందు రాసిపెట్టు" అన్నాడు.

ముందు మా పని ఏమిటో చెప్పాలి. వ్యాక్సిన్ అంటే రోగం రాకముందు అందరికీ ఒకటే వేసేదని మనకు అలవాటు. మా సంస్థ చేసేది అది కాదు. క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాక, అది తిరిగి రాకుండా ఆపగలదేమోనని వేసి చూసే మందు. అదీ ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. తీసిన గడ్డలోంచి చిన్న ముక్క, అదే మనిషి నెత్తురు కొంచెం బెంగళూరుకు పోతాయి. రెండింటిలోని జన్యువులను చదివి, మామూలు కణంలో లేని మార్పులు గడ్డలో ఏమున్నాయో చూస్తారు. ఒంట్లోని రక్షణ కణాలు గుర్తుపట్టగలిగే మార్పులను ఏరి, వాటి ఆనవాళ్లు నేర్పే మందు తయారు చేస్తారు. నేను పేషెంట్లకు ఇట్లా చెప్పేవాణ్ని: "మీ ఒంట్లో దూరిన దొంగ మొహాన్ని మీ కాపలావాళ్లకు చూపిస్తున్నాం. మీ దొంగ వేరే, పక్కింటివాళ్ల దొంగ వేరే. అందుకే ఎవరి మందు వాళ్లదే." ఇది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికే ట్రయల్. పనిచేస్తుందని ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఈ చివరి వాక్యాన్ని నేను ఎన్నడూ వదలలేదు, కొందరు అది వినగానే లేచి వెళ్లిపోయినా సరే.

హిందూపురంలో ఒక ఆసుపత్రి ఈ ట్రయల్‌లో ఉండేది. అక్కడ కోఆర్డినేటర్ని నేను. గడ్డ ముక్క సరైన పెట్టెలో బయలుదేరిందా, పెట్టె మీది నంబరు, మనిషి చేతి పట్టీ మీది నంబరు ఒకటేనా, ఫ్రీజర్ చల్లదనం నిలబడిందా, ఊర్ల నుంచి వచ్చినవాళ్లు పొద్దున ఏమైనా తిన్నారా, తిరిగిపోయే బస్సు దొరుకుతుందా, ఇవన్నీ చూసుకోవాలి. దేనికదే లిస్టు రాసుకునేవాణ్ని. మా నర్సు పరిగి వైపు మనిషి, నోరు ఊరుకునేది కాదు. "ఈయప్పకి పెండ్లి చేస్తే తాళి కట్టేదానికి కూడా లిస్టు చూసుకుంటాడు" అనేది. మా డాక్టరమ్మ మాత్రం తక్కువ మాటల మనిషి. పేషెంటు మాట్లాడుతున్నప్పుడు కలం కింద పెట్టేసి వినేది. మూడేళ్లలో నేను ఆమె దగ్గర నేర్చుకున్న వాటిలో ముందు చెప్పాల్సింది అదే.

పెద్దమ్మ, చిన్నమ్మ తోడికోడళ్లు. వాళ్ల అసలు పేర్లు రాయకూడదు, రాయను. నేను పిలిచినట్టే మీరూ పిలవండి. పెద్దమ్మది పెనుకొండ దగ్గర పల్లె. గొర్రెలు, ఇంత వేరుశనగ చేను. వానలు లేని ఒక ఏడాది చిన్నమ్మ, ఆమె భర్త మగ్గం పనికని ధర్మవరం పోయి అక్కడే నిలిచిపోయారు. కాపురాలు వేరుపడినా వాళ్ల అత్త పెట్టిన కట్టుబాటు మాత్రం వేరుపడలేదు. ఇంట్లోకి ఏది వచ్చినా రెండు భాగాలు కావాలి. పెద్దమ్మ పొట్టేలు కోయిస్తే సగం పొద్దుటి బస్సులో ధర్మవరం పోయేది. చిన్నమ్మకు మగ్గం యజమాని ఒక చీర పెడితే పండక్కి ఒకరు, పెండ్లికి ఒకరు కట్టుకునేవాళ్లు. ఆ కట్టుబాటుకు ఇంకో కొస ఉంది: పంచినవాళ్లు ఆఖరున తీసుకోవాలి. తప్పుగా పంచితే తక్కువది తమకే మిగులుతుంది కాబట్టి, ఎవరూ తప్పుగా పంచరు. అత్త పోయినప్పటి నుంచి పంచేది పెద్దమ్మే. అంటే ఎప్పుడూ ఆఖరున తీసుకునేదీ పెద్దమ్మే. ఇదంతా వాళ్లు మా వరండాలో కూర్చుని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటుండగా విన్నాను. రికార్డులో రాసే విషయం కాదు కాబట్టి రాసుకోలేదు.

రొమ్ములో గడ్డ ముందు చిన్నమ్మకే కనబడింది. కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. చివరకు పెద్దమ్మకు తెలిసి, తిట్టి, వెంటబెట్టుకుని హిందూపురం తీసుకొచ్చింది. ఎట్లాగూ వచ్చారు, మీరూ ఒకసారి చూపించుకోండని డాక్టరమ్మ పెద్దమ్మతో అంది. తోడుగా వచ్చిన మనిషికీ గడ్డ ఉన్నట్టు తేలింది. చేతికి తగలనంత చిన్నది. ఒకే ఇంటి కోడళ్లు కావడం తప్ప ఇద్దరికీ రక్త సంబంధం లేదు. అది కాకతాళీయమేనని మేము చెప్పాం. ఊళ్లోవాళ్లు వేరేగా చెప్పుకున్నారు.

ఇద్దరూ ట్రయల్‌లో చేరతామన్నారు. పెద్దమ్మకు ఆపరేషన్‌తో రోగం పూర్తిగా తీసేయగలిగారు. చిన్నమ్మ స్కానింగులో ఎముకల్లో కూడా మచ్చలు కనిపించాయి. ఒంట్లో రోగం మిగిలి ఉన్నవాళ్లను ఈ ట్రయల్‌లో తీసుకోరు. ఆమెకు మామూలు కీమోథెరపీయే దారి. డాక్టరమ్మ ఆ సంగతి నిదానంగా చెప్పింది. కాగితాలు పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను.

చిన్నమ్మ విని, నా వైపు తిరిగింది. "మా అక్కకి అవుతాదా?"

"అవుతుందమ్మా."

"మరి అది ముందు చెప్పల్ల కదప్పా. అంతసేపు నన్ను యాల బెదిరిస్తిరి?"

బెంగళూరులో పెద్దమ్మ మందు తయారు కావడానికి చాలా వారాలు పట్టింది. ఈలోగా చిన్నమ్మకు కీమో మొదలైంది, జుట్టు ఊడింది. పెద్దమ్మ మొదటి డోసు రోజు ఖరారైనప్పుడు నేను నా లెక్కలో ఒక మంచిపని చేశాను. చిన్నమ్మ కీమో కూడా అదే రోజుకు పెట్టించాను. ఇద్దరూ పెనుకొండ బస్టాండులో కలుసుకుని ఒకే బస్సులో రావచ్చు, ఒకే బస్సులో పోవచ్చు. రెండు ప్రయాణాలు ఒకటవుతాయి. లిస్టులో అది చాలా చక్కగా కనిపించింది.

ఆ పొద్దున ఇద్దరూ వచ్చారు. చిన్నమ్మ కింది వార్డుకు పోయింది. పెద్దమ్మను పైన మా గదిలో కూర్చోబెట్టాం. బీపీ, జ్వరం చూశాం, నెత్తురు రిపోర్టు సరిచూశాం. వేయించుకుంటారా అని అడిగితే తల ఊపింది. ఫ్రీజర్ నుంచి సీసా తీసి కరిగించాం. ఒకసారి కరిగిన మందును మళ్లీ గడ్డకట్టించకూడదు, మరుసటి రోజుకు ఉంచకూడదు. ఆ మనిషికి తప్ప లోకంలో ఇంకెవరికీ పనికిరాదు.

పెద్దమ్మ సీసాను వెలుతురుకు పెట్టి చూపించమంది. చూసి, "దీంట్లో సగం తీసి పక్కన పెట్టప్పా" అంది.

నర్సు నవ్వింది. నేను నవ్వలేదు. అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ మొదటినుంచి చెప్పాను. మొదటిది, ఇది మీ గడ్డను చూసి చేసింది. రెండవది, చిన్నమ్మ గడ్డలో ఉండే మార్పులు వేరు. మూడవది, సగం వేస్తే మీకూ చాలదు. అప్పటికీ ఆమె ముఖం మారకపోతే రవికతో పోల్చి చెప్పాను. మీ ఆది రవికతో కుట్టింది చిన్నమ్మకు పడుతుందా అని అడిగాను.

"పడదు" అంది పెద్దమ్మ. "దొంగ మొహం కత కూడా నువ్వు చెప్తివి. నా దొంగ వేరే, దాని దొంగ వేరే. దానికేస్తే పని చెయ్యదు. తెలుసప్పా నాకు. గొర్రెలు కాసినదాన్ని కానీ గొర్రెను కాదు."

"మరి సగం ఎందుకమ్మా?"

"దానికి ఎయ్యమంటినా నేను? దాని వంతు అని పక్కన పెట్టు. పెట్టినాక పారబోస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం."

"సగం డోసు వేయకూడదమ్మా. మొత్తం మీకే వేయాలి."

"అట్లయితే నాకూ వద్దు."

పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "దాని గడ్డ బయటపడింది కాబట్టి నేనీడికి వస్తి. నేను వస్తి కాబట్టి నాది చిన్నగా ఉండంగానే దొరికె. ఇప్పుడు అది కింద పాత మందు ఎక్కించుకుంటా కక్కుకుంటాంది. నేను పైన కూర్చోని కొత్త మందు ఒక్కదాన్నే ఏయించుకుని, సాయంత్రం బస్సులో దాని పక్కన ఎట్ల కూర్చునేదప్పా? చెప్పు."

నా దగ్గర ఉన్న లిస్టులన్నీ అర్థం కానివాళ్ల కోసం తయారైనవి. అన్నీ అర్థమైనామె ముందు చదవడానికి ఏమీ లేదు. ఒకే రోజు, ఒకే బస్సు ఏర్పాటు చేసిన తెలివి కూడా అప్పుడే గుర్తొచ్చింది.

సంగతి బెంగళూరుకు తెలిపితే మా పైఅధికారి ఫోన్ చేశాడు. చెడ్డవాడేమీ కాదు. ఆ సీసా వెనుక ఎంతమంది ఎన్ని వారాలు పనిచేశారో ఎరిగినవాడు. "ఇంకోసారి నచ్చజెప్పి చూడండి" అన్నాడు. డాక్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "చెప్పాల్సింది చెప్పేశాం సార్. ఇక చెబితే అది నచ్చజెప్పడం కాదు, బలవంతం" అని తిరిగి నా చేతిలో పెట్టింది. తర్వాత పెద్దమ్మ దగ్గర కూర్చుని, "వద్దంటే వద్దేనమ్మా. మందు పోతుందని మీరు భయపడొద్దు. మీకు మామూలుగా చేయాల్సిన వైద్యంలో ఏదీ ఆగదు" అంది. శిక్షణలో నేను మార్కులు తెచ్చుకున్న జవాబు అదే. పెద్దమ్మ ఇప్పుడు లేచి వెళ్లిపోతే మళ్లీ ఈ మెట్లెక్కదని మా ముగ్గురికీ తెలుసు.

నాకు తోచింది ఒక్కటే. "ఈ సంగతి చిన్నమ్మకు చెప్పొచ్చా?" అని అడిగాను. ఒక పేషెంటు విషయం ఇంకొకరికి అనుమతి లేకుండా చెప్పకూడదు.

"చెప్పుకో పో. దాని దగ్గర నాకేం దాపరికం ఉండాది?"

కింది వార్డులో చిన్నమ్మ సెలైన్ చివరికొచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. నేను చెప్పినదంతా కళ్లు తెరవకుండానే విన్నది.

"సగం పక్కన పెట్టమన్యాదా?"

"అవునమ్మా."

"మా అత్త సచ్చి ఇన్నేండ్లయినా ఈయమ్మకి బుద్ధి రాలేదు" అంది. కళ్ల కొసల్లో నీళ్లున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది. "ఈ సూది పీకమను. పైకి పోవల్ల."

సెలైన్ పూర్తయ్యాకే పీకారు. నర్సు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే, మెట్టుమెట్టుకూ ఆగుతూ పైకి వచ్చింది. గది గుమ్మంలో నిలబడి, ఊపిరి అందుకుని, తోడికోడలిని చూసింది.

"ఏమక్కా, ఏందో పంచుతాండావంట?"

"నువ్వు యాల వస్తివే? పడితే ఎవరు లేపేది?"

"ఎప్పుడూ నువ్వే పంచుతావు. మిగిలింది నువ్వు తీసుకుంటావు. మారాజులాగ నేను ముందు తీసుకుంటా. ఇన్నేండ్లు అట్లే జరిగె. ఈపొద్దు నేను పంచుతా."

"ఏముండాదే పంచేదానికి? మందు పంచేదానికి కాదంటాండారు కదా."

చిన్నమ్మ కుర్చీలో కూలబడి నన్ను పిలిచింది. "ఏమప్పా, ఈ మందు ఏసినాక ఏమవుతాదని చెప్తివి? నీ లిస్టు సదువు."

"చేయి నొప్పి ఉంటుంది. జ్వరం, వణుకు రావచ్చు. ఒళ్లు నొప్పులు, నీరసం. ఎవరైనా పక్కన ఉండి చూసుకోవాలి."

"ఆ. రెండు భాగాలయిపోయినాయి" అంది చిన్నమ్మ. "మందు ఏయించుకునేది ఒక భాగం. పక్కన ఉండి జ్వరం చూసుకునేది ఒక భాగం. పంచింది నేను. నేను ఆఖర్న తీసుకోవల్ల. నువ్వు ముందు తీసుకో."

పెద్దమ్మ, "నువ్వే నిలబడలేకుండావు, నన్నేం చూసుకుంటావే?" అంది.

"అది నా భాగం. నా భాగంలో నువ్వు యాల చెయ్యి పెడతావు?"

ఇక్కడ డాక్టరమ్మ చేసిన పని మీరు గుర్తుంచుకోవాలి. నేనైతే ఆ క్షణంలోనే సిరంజి అందుకునేవాణ్ని. ఆమె చిన్నమ్మను మెల్లగా బయట వరండాలో కూర్చోబెట్టించి, తలుపు వేసి, పెద్దమ్మను ఒంటరిగా మళ్లీ అడిగింది. "ఆమె చెప్పిందని కాదు. మీకు ఇష్టమేనా? ఇప్పుడు కూడా వద్దనొచ్చు."

పెద్దమ్మ చాలాసేపు సీసా వైపు చూసింది. "సరింగా పంచింది" అంది చివరకు. "ఇంకా వద్దంటే నేనే అన్యాయం చేసినట్టు. ఎయ్యండమ్మా." తనే జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంది.

చేతి పట్టీ మీది నంబరు నేను చదివాను, సీసా మీది నంబరు నర్సు చదివింది. రెండూ ఒకటే. నర్సు సూది వేసింది.

ఇప్పుడు మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. మందు పనిచేసిందా? పెద్దమ్మకు ఈ రోజు వరకూ రోగం తిరిగి రాలేదు. మందు వేయకపోయినా వచ్చేది కాదేమో. ఒక్క మనిషిని చూసి చెప్పడానికి వీల్లేదు. ఫలితాల లెక్క ఇంకా పూర్తి కాలేదు. చిన్నమ్మ రోగం పూర్తిగా పోలేదు, పెరగడమూ లేదు. వైద్యం నడుస్తోంది. ఇంతకంటే ఎక్కువ చెబితే అది నా వృత్తికి తగదు. కృతజ్ఞతకు మాత్రం లెక్క పూర్తి కావాల్సిన పని లేదు. కలం కింద పెట్టి విన్న డాక్టరమ్మకు, అన్నీ అర్థమయ్యాక కూడా వద్దనగలిగిన పెద్దమ్మకు, నాకు తోచని దారి చూపిన చిన్నమ్మకు నేను రుణపడి ఉన్నాను. ఎదుటివాళ్లు ఒప్పుకోకపోతే అర్థం కాలేదని ఇప్పుడు నేను అనుకోను. వాళ్లకు అడ్డమున్నది ఏమిటని అడుగుతాను.

ఆ మొదటి డోసు వేసిన మరుసటి రోజు పొద్దున పెద్దమ్మ పల్లెకు పోయాను. నిబంధన ప్రకారం ఫోన్ చేస్తే చాలు. కానీ ఆ ఇంటికి పోకుండా ఉండలేకపోయాను. పెనుకొండలో దిగి ఆటో ఎక్కాను. చిన్నమ్మ ధర్మవరం పోలేదు. ఇంటి ముందు పంచలో రెండు మంచాలు పక్కపక్కన వేసి ఉన్నాయి. ఒకదాని మీద పెద్దమ్మ దుప్పట్లో వణుకుతోంది. రెండోదాని మీద చిన్నమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని, పెద్దమ్మ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. పెద్దమ్మ భర్త పొయ్యి దగ్గర గంజి కలుపుతున్నాడు. "ఉప్పు ఎయ్యి బావా. ఇంకొంచెం. అయ్యో, అంత కాదు" అని చిన్నమ్మ మంచం మీది నుంచే పని చెబుతోంది. ఆయన నన్ను చూసి, "రాప్పా, వీళ్లిద్దరికీ రెండు భాగాలు, చాకిరీ మాత్రం నాకొక్కనికే" అన్నాడు.

జ్వరం చూశాను. మేము అనుకున్న హద్దులోనే ఉంది.

"ఇంత జ్వరం నాకొక్కదానికే యాలనే?" అంది పెద్దమ్మ దుప్పట్లోంచి. "నిన్న నీ భాగమంటివి కదా, సగం తీసుకో."

"చూసుకునేది నా భాగమంటి. జ్వరం నాదని ఎవరన్యారు? అది మందుతో వచ్చింది, మందు నీది. నువ్వే పెట్టుకో."

పెద్దమ్మ నవ్వబోతే దగ్గు వచ్చింది. చిన్నమ్మ ఆమె తల పట్టుకుని నీళ్లు తాగించింది. చేతులు వణుకుతున్నాయి, అయినా గ్లాసు తొణకనివ్వలేదు. నేను సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది.

పెద్దమ్మకు నిద్ర పట్టాక చిన్నమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఈ మందు ఇంకా ఎన్నిసార్లు ఏస్తారప్పా?"

చెప్పాను. అది ఏడాది పొడవునా సాగుతుంది.

"ఏసిన ప్రతిసారీ జ్వరం వస్తాదా?"

"రావచ్చు. రాకపోవచ్చు."

ఎదురుగా వాకిట్లో ఎండ పరుచుకుంటోంది. చిన్నమ్మ గుడ్డను చెంబులో ముంచి, పిండి, మళ్లీ పెద్దమ్మ నుదుటి మీద పరిచింది. మడతలు లేకుండా వేళ్లతో సర్దింది.

"అట్లయితే అన్నిసార్లూ నేనుండల్ల" అంది, నాతో కాదు.

తర్వాత నా వైపు చూసి, ఆ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాను. ఆఖరి డోసు రోజు కూడా ధర్మవరం నుంచి పొద్దుటి బస్సులో వచ్చింది.